పసివాని నొప్పికి సహనమే మందా?

పోయిన వర్షాకాలంలో ఒకనాడు, అస్ర్ నమాజు ముగిసిన కొద్దిసేపటికి, మా మదర్సా ఆవరణలోని జామచెట్టు మీదినుండి 9 ఏళ్ళ విద్యార్థి ఒకడు జారిపడ్డాడు. వానకు కొమ్మ తడిసి ఉన్నది. చెట్టు ఎక్కరాదన్న నిబంధన గోడమీద వ్రాసియే ఉన్నది గాని, కాయలు పండే రోజుల్లో ఆ వ్రాతను చదివే పిల్లలు ఉండరన్న సంగతి ఇన్నేళ్ళుగా బోధిస్తున్న మాకు తెలియనిది కాదు. మేము పరుగున వెళ్ళి చూసేసరికి వాని కుడితొడ నడిమిభాగంలో వంకర తిరిగి, అంతకంతకు ఉబ్బుతూ ఉన్నది. వాడు ఏడవడం లేదు. ఊపిరి బిగబట్టి మా ముఖం వైపే చూస్తున్నాడు.

చుట్టూ చేరినవారిలో ఒకరు పుత్తూరు కట్టు వేయిద్దామన్నారు. అంత దూరం ఆ బిడ్డను ఏ విధంగా కదిలించి తీసుకుపోవాలో మాత్రం వారు చెప్పలేదు. మాది రాయలసీమలోని చిన్న పట్టణం. దగ్గరలో ఉన్న ఆస్పత్రికే తీసుకుపోయాము. ఎక్స్‌రే తీయాలంటే కాలు తిన్నగా ఉండాలని అక్కడివారు చెప్పారు. ఇద్దరు మనుషులు కాలు పట్టుకొన్నారు, మేము భుజాలు పట్టుకొన్నాము. అప్పుడు వాడు పెట్టిన కేక ఆ వరండా చివరిదాకా వినిపించింది. "సబ్ర్ చెయ్యి బేటా, సబ్ర్ చెయ్యి" అని మేము పదే పదే అన్నాము. నొప్పి తగ్గడానికి ఏమైనా ఇవ్వగలరా అని ఒక్కమారు కూడా అడగలేదు. అడగవచ్చునన్న ఊహయే మాకు కలగలేదు. ఈ వ్యాసం వ్రాయడానికి పురికొల్పినది ఆ లోపమే.

తొడ ఎముక విరిగిందని, నగరానికి తీసుకుపోవాలని చెప్పారు. 108 వాహనంలో దాదాపు రెండు గంటల ప్రయాణం. దారిలో ఎన్ని స్పీడు బ్రేకర్లు ఉన్నాయో ఆ రాత్రి లెక్కపెట్టిన వారము మేమే. తొడ ఎముక విరిగినప్పుడు దాని చుట్టూ ఉన్న బలమైన కండరాలు తమంతట తాము బిగుసుకుపోయి, విరిగిన కొనలను ఒకదానిమీదికి ఒకటి లాగుతాయట. ప్రతి కుదుపుకు ఆ లాగుడు మళ్ళీ మొదలవుతుంది. ఇది తరువాత తెలిసిన విషయం. ఆనాడు మాకు తెలిసినది, వాని చేతిగోళ్ళు మా మణికట్టులో దిగిన గుర్తులు మాత్రమే.

నగరంలోని ఆస్పత్రి అత్యవసర విభాగంలో ఒక యువ వైద్యురాలు ఉన్నారు. ఆమె మొదట అడిగినది బాలుని బరువు. మేము చెప్పలేకపోయాము. తరువాత, ఏ మందైనా ఒంటికి పడదా అని, చివరిసారి ఎప్పుడు ఏమి తిన్నాడని అడిగారు. పిమ్మట వాని పాదాన్ని అక్కడక్కడ తాకి, ఎక్కడ తాకుతున్నదో చెప్పమని, వ్రేళ్ళు కదిలించమని చెప్పి, ఆ వివరాలు వ్రాసుకొన్నారు. నరం మొద్దుబారిన తరువాత ఈ పరీక్ష చేయడం సాధ్యం కాదు. దెబ్బవల్ల నరం ముందే చెడిందా, లేక తరువాత చెడిందా అన్నది తేలాలంటే ఇది ముందుగానే జరగాలి. చివరకు ఆమె మాతో, "మౌలానా గారూ, పిల్లవాణ్ణి నిద్రపుచ్చము. వాడి తొడ నరాన్ని మాత్రం కొన్ని గంటలు నిద్రపుచ్చుతాము" అన్నారు.

బాలుని తండ్రి కువైట్‌లో పనిచేస్తున్నాడు, ఫోనులో ఉన్నాడు. తల్లి ఊరినుండి ఆటోలో అప్పుడే చేరుకొన్నది. ఆమె మమ్మల్ని పక్కకు పిలిచి, "హజ్రత్, అది మత్తుమందా? పిల్లవాడి బుద్ధికి ఏమైనా అవుతుందా?" అని అడిగింది. మన ఇళ్ళలో ఈ సందేహం సహజమైనది. మన వాడుకలో మత్తు డాక్టరు అంటాము, మత్తు ఇంజెక్షను అంటాము. ఒకే మాట కింద రెండు వేర్వేరు పనులు దాగి ఉన్నాయి. మొదటిది మెదడుపై పనిచేసి స్పృహను తొలగించేది. రెండవది ఒక నరం వద్ద నిలిచి, అక్కడినుండి మెదడుకు పోవలసిన నొప్పి వార్తను ఆపేది. ఈ రెండవదానిలో తెలివి తప్పదు, బుద్ధి మసకబారదు. నరంలో వార్త ప్రయాణించాలంటే దాని పొడవునా ఉండే అతి సూక్ష్మమైన ద్వారాల గుండా సోడియం లోనికి ప్రవేశించాలి. మందు ఆ ద్వారాలను తాత్కాలికంగా మూసివేస్తుంది. మందు తొలగిపోగానే ద్వారాలు తెరచుకొంటాయి. ఆ తల్లికి మేము చెప్పగలిగినది ఇంతే. మిగిలినది వైద్యురాలు ఓపికగా వివరించారు.

ఆమె గజ్జల వద్ద చర్మాన్ని మందుతో తుడిచి, శుభ్రమైన గుడ్డ కప్పి, అరచేతిలో ఇమిడే స్కానింగ్ పరికరాన్ని జెల్ రాసి అక్కడ ఉంచారు. మేము తెరవైపు చూశాము. నల్లని గుండ్రని చుక్క ఒకటి గుండె కొట్టుకొన్నట్లు కొట్టుకొంటున్నది. అది తొడకు రక్తాన్ని చేర్చే ధమని. దాని పక్కన, నొక్కితే అణగిపోయేది సిర. ధమనికి బయటివైపున తేనెపట్టులాగా తెల్లగా మెరుస్తున్నది నరం. దానిపై పలుచని తెల్లగీతలాగా ఒక పొర. చర్మాన్ని సన్నని సూదితో ముందుగా మొద్దుబార్చి, అసలు సూదిని ప్రక్కనుండి పంపారు. తెరపై ఆ సూది ఒక మెరిసే గీతగా ముందుకు సాగింది. దాని కొన పొర కిందికి చేరాక, రక్తం రావడం లేదని వెనుకకు లాగి చూసుకొని, మందును కొంచెం కొంచెంగా ఎక్కించారు. పొర కింద నల్లని నీటిమడుగులాగా మందు పరచుకోవడం మా కళ్ళకు కనిపించింది. అంతా కలిసి పది నిమిషాలు పట్టి ఉంటుంది.

ఇంకో ఇరవై నిమిషాలకు వాని పిడికిళ్ళు విడిపోయాయి. తల పైకెత్తి, "హజ్రత్, నా కాలు ఎక్కడికి పోయింది?" అన్నాడు. మళ్ళీ ఎక్స్‌రే తీశారు, కాలికి బద్ద కట్టారు. ఈసారి ఎవరూ వాని భుజాలు పట్టుకోవలసిన అవసరం రాలేదు. అంతవరకు గట్టిగా నిలిచిన తల్లి అప్పుడు ఏడ్చింది.

ఈ విద్య చరిత్ర కొంచెం తెలుసుకొనదగినది. 1884లో వియన్నా నగరంలో కార్ల్ కోలర్ అనే యువ వైద్యుడు కొకైన్ చుక్కలు వేసి కన్నును మొద్దుబార్చవచ్చునని కనుగొన్నాడు. ఆ వెంటనే అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడు అదే మందును నరాల దగ్గర ఎక్కించి చూశాడు. ఆ ప్రయోగాలను తనపై కూడా చేసుకొన్న పాపానికి కొకైన్‌కు బానిసయ్యాడు. వ్యసనం కలిగించని లిడోకైన్‌ను 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు. మా విద్యార్థికి చేసిన పద్ధతి, అనగా తుంటి లోపలి కండరాన్ని కప్పి ఉండే పొర కింద మందు నింపడం, 1989లో ఫ్రాన్స్‌కు చెందిన దాలెన్స్ తదితరులు ప్రచురించినది. విశేషమేమంటే దానిని మొదట వివరించినది పిల్లల కోసమే. తుంటి విరిగిన వృద్ధులకు దానిని విరివిగా వాడటం తరువాతి మాట. అప్పట్లో తెర లేదు. సూది రెండు పొరలను దాటేటప్పుడు చేతికి తెలిసే రెండు చిన్న కుదుపులే గుర్తులు. సూది నరాన్ని తాకితే పెద్దవారు జిల్లుమన్నదని చెప్పగలరు. మూడేళ్ళ పిల్ల ఆ తేడాను ఎలా చెప్పగలదు? అల్ట్రాసౌండ్ చూస్తూ భుజం పైభాగంలోని నరాలకు మందు ఇచ్చిన పద్ధతిని 1994లో మళ్ళీ వియన్నా వైద్యులే ప్రచురించారు. పిల్లల నరాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి గనుక వారిలో చిత్రం మరింత స్పష్టంగా కనబడుతుంది. అయితే అవయవాలు చిన్నవై, ధమని నరం ఒకదానికొకటి ఆనుకొని ఉండడంవల్ల చేయి తిరిగినవారే చేయవలసిన పని.

2007లో అమెరికాలోని వైద్యులు తొడ ఎముక విరిగి అత్యవసర విభాగానికి వచ్చిన పిల్లలను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ఈ బ్లాక్, మరొక వర్గానికి రక్తనాళం గుండా మార్ఫిన్ ఇచ్చి పోల్చిచూశారు. బ్లాక్ తీసుకొన్న పిల్లలకు నొప్పి ఎక్కువగా తగ్గింది, ఆ ఉపశమనం ఎక్కువసేపు నిలిచింది. మార్ఫిన్ మంచి మందే. కాని అది ఒళ్ళంతటిపై పనిచేస్తుంది, మగత, వాంతులు కలిగించవచ్చు, మోతాదు మించితే శ్వాస మందగిస్తుంది. మన దేశంలో దానికి మరొక చిక్కు ఉన్నది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కఠినంగా ఉండి, దానిని నిలువ ఉంచుకోవడానికే ఆస్పత్రులు వెనుకాడేవి. 2014లో చట్టాన్ని సవరించి సులభతరం చేసినప్పటికీ చిన్న ఊళ్ళ ఆస్పత్రులలో అది దొరకడం అరుదే. అటువంటి చోట నరానికిచ్చే మందు విలువ మరీ ఎక్కువ.

పిల్లలకు నొప్పి తెలియదు, తెలిసినా గుర్తుండదు అన్న మాట మన ముసలమ్మల నోట మాత్రమే ఉన్నదని మేము అనుకొనేవారము. వైద్యులు కూడా చాలాకాలం అదే నమ్మారని తెలిసి ఆశ్చర్యపోయాము. 1980ల వరకు పాశ్చాత్య దేశాలలో సైతం నవజాత శిశువులకు చాలినంత నొప్పిమందు లేకుండా శస్త్రచికిత్సలు జరిగిన సందర్భాలు ఉన్నాయి. 1987లో డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్, ఆయన సహచరులు ఆక్స్‌ఫర్డ్‌లో జరిపిన పరిశోధన ఈ భ్రమను బద్దలుకొట్టింది. నెలలు నిండని శిశువులకు ఆపరేషను సమయంలో బలమైన నొప్పిమందు ఇచ్చినప్పుడు వారి శరీరంలో పుట్టే కల్లోలం తగ్గిందని, తరువాతి చిక్కులు కూడా తగ్గాయని వారు చూపారు. ఆనంద్ మన దేశంలోనే వైద్యవిద్య అభ్యసించినవారు.

ఇంకొక పరిశోధన మన ఇళ్ళకు సూటిగా సంబంధించినది. 1997లో కెనడాలో అన్నా టాడియో తదితరులు, పుట్టిన కొత్తలో ఖత్నా జరిగిన మగశిశువులను నాలుగు నుండి ఆరు నెలల వయసులో టీకా వేసే సమయాన గమనించారు. నొప్పి నివారణ లేకుండా ఖత్నా జరిగినవారు సూదికి అధికంగా విలవిలలాడారు. మొద్దుబార్చే క్రీము రాసి చేయించినవారిలో ఆ విలవిల తక్కువగా ఉన్నది. అనగా శిశువు మనసు మరచినా శరీరం మరువలేదు. నేడు ఖత్నా సమయంలో కూడా ఆ భాగపు నరానికి మందిచ్చే బ్లాక్ ఉన్నది, అది వైద్యులకు సాధారణమైన పని. అయినా మన మొహల్లాలలో నేటికీ నలుగురు కలిసి కాళ్ళు చేతులు పట్టుకొని, నోట్లో మిఠాయి పెట్టి కానిచ్చే ఇళ్ళు ఉన్నాయి. విందుకు ఎంత ఖర్చు చేశారో చెప్పుకొనేవారిని చూశాము. నొప్పి లేకుండా చేస్తారా అని వైద్యుణ్ణి అడిగామని చెప్పినవారిని చాలా తక్కువగా చూశాము. ఇది సున్నత్. దానిని సుఖంగా జరిపించడానికి ధర్మంలో అడ్డేమీ లేదు.

మేము ఆ మొదటి ఆస్పత్రిలో సబ్ర్ అని ఎందుకన్నామో చాలా రోజులు ఆలోచించాము. తరగతిలో మేము తరచూ చెప్పే వృత్తాంతం హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మ) గారిది. మదీనా ఫఖీహులలో ఒకరైన ఆ మహనీయుడు దమస్కస్ ప్రయాణంలో ఉండగా కాలికి పుండు సోకి, కాలు తీసివేయవలసి వచ్చింది. స్పృహ తప్పించే పానీయం ఇస్తామంటే ఆయన నిరాకరించారు. పిల్లలు కళ్ళు విప్పార్చి వింటారు. జామచెట్టు మీదినుండి పడిన వాడు కూడా విన్నవాడే, ఆ సాయంత్రం ఏడవకుండా మా ముఖం వైపు చూసినది అందుకే కాబోలు. కాని ఉర్వా గారు వయసు మీరిన పండితుడు. తన శరీరం విషయంలో తానే తీర్పు చెప్పుకొన్నాడు. తొమ్మిదేళ్ళ బిడ్డ తరపున ఆ తీర్పు చెప్పే అధికారం మాకు ఎవరిచ్చారు? దైవప్రవక్త (స) చికిత్స చేయించుకొమ్మని ఆదేశించారన్నది మేమే బోధించే పాఠం. చికిత్స అందుబాటులో ఉన్నదా అని కూడా విచారించకుండా సహనం ఉపదేశించాము. ఈ సంవత్సరం నుండి ఆ వృత్తాంతం చెప్పినప్పుడు ఈ మాట కూడా చేర్చి చెబుతున్నాము.

ఈ పద్ధతిలో ప్రమాదాలు లేవని ఎవరూ అనుకోరాదు. మందు మోతాదు బరువును బట్టి లెక్కకట్టాలి. బుపివకైన్ అనే మందుకు కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున గరిష్ఠ పరిమితిగా పాటిస్తారు. 0.25 శాతం ద్రావణంలో ఒక మిల్లీలీటరుకు సరిగ్గా 2.5 మిల్లీగ్రాములు ఉంటుంది గనుక, మా విద్యార్థి వంటి 22 కిలోల పిల్లవానికి 22 మిల్లీలీటర్లకు మించరాదు. పసికందులకు ఇంకా తగ్గిస్తారు. మోతాదు మించినా, పొరపాటున రక్తనాళంలోకి పోయినా పెదవుల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, ఆపై మూర్ఛ, గుండె లయ తప్పడం జరుగవచ్చు. దానికి విరుగుడుగా రక్తనాళంలోకి ఎక్కించే 20 శాతం కొవ్వు ద్రావణాన్ని సిద్ధంగా ఉంచుకొంటారు. గుండె, శ్వాసలను గమనించే యంత్రాలు పెట్టకుండా ఈ పని మొదలుపెట్టరు.

రెండవ భయం మరింత సున్నితమైనది. మోకాలి కింది ఎముకలు, ముంజేతి ఎముకలు విరిగినప్పుడు ఒక్కొక్కసారి లోపల వాపు పెరిగి, బిగువైన పొరల మధ్య కండరాలకు రక్తం అందకుండా పోతుంది. గంటలలో గుర్తించి పొరలను కోసి వదులుచేయకపోతే అవయవమే దెబ్బతింటుంది. దానికి తొలి సూచన, గాయానికి మించిన నొప్పి. బ్లాక్ ఆ సూచనను కప్పివేస్తుందేమోనని ఎముకల వైద్యులు కొందరు సందేహిస్తారు. ఆ సందేహం సమంజసమే. అందువల్ల అటువంటి గాయాలలో ఎముకల వైద్యునితో సంప్రదించి నిర్ణయిస్తారు, వాపును పదే పదే చూస్తారు. రక్తం గడ్డకట్టని వ్యాధి ఉన్నా, సూది గుచ్చవలసిన చోట చీము పట్టి ఉన్నా ఈ పద్ధతిని మానుకొంటారు.

తొడ ఒక్కటే కాదు. సైకిలు చువ్వల మధ్య ఇరుక్కొని నలిగిన పాదం, తలుపు సందున చితికిన వ్రేలు, గాజు తెగి కుట్లు వేయవలసిన అరచేయి, వీటన్నిటికీ వేర్వేరు నరాల వద్ద ఇదే విధంగా మందివ్వవచ్చును. వ్రేలికి ఇచ్చే దానికి స్కానింగ్ కూడా అక్కరలేదు.

మరి ఇది అన్ని ఆస్పత్రులలో ఎందుకు లేదు? నేర్చినవారు తక్కువ. మత్తు వైద్యులకు వచ్చు గాని వారు ఆపరేషను గదిలో ఉంటారు. అత్యవసర విభాగానికి వచ్చేసరికి రాత్రి పది గంటలవుతుంది. యంత్రం విషయంలో మన దేశానికే ప్రత్యేకమైన కారణం ఒకటున్నది. ఆడశిశువులను గర్భంలోనే చంపే దుర్మార్గాన్ని అరికట్టడానికి 1994లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రాన్ని నమోదు చేయించాలి, చేత మోసుకుపోయే యంత్రాలపై ఆంక్షలు మరీ ఎక్కువ. ఆ చట్టం కావలసినదే. దానికి కారణమైన పాపం మన సమాజానిదే గాని యంత్రానిది కాదు. అయితే దాని ఫలితంగా యంత్రాన్ని స్కానింగ్ గది దాటించడానికి ఆస్పత్రులు జంకుతాయి. ఆడపిల్లలను బ్రతకనివ్వని వారి తప్పుకు, కాలు విరిగిన పిల్లలు కూడా కొంత మూల్యం చెల్లిస్తున్నారన్నమాట.

పిల్లవానితో ఆస్పత్రికి వెళ్ళినప్పుడు, ఎక్స్‌రే కన్నా ముందే నొప్పికి ఏమి ఇస్తారని మర్యాదగా అడగండి. నొప్పిమందు ఇస్తే రోగం తెలియకుండా పోతుందన్న పాతమాట తొడ విరిగిన బిడ్డ విషయంలో చెల్లదు. నరాల బ్లాక్ చేయగల మత్తు డాక్టరు ఉన్నారా అని విచారించండి. లేకపోతే పెద్ద ఆస్పత్రికి పంపేముందు మరేదైనా నొప్పిమందు ఇచ్చి, కాలికి బద్ద కట్టి పంపమని కోరండి. మాటలు రాని శిశువు విషయంలో ముఖం, కాళ్ళు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం అనే అయిదింటిని చూసి, ఒక్కొక్కదానికి 0 నుండి 2 వరకు మార్కులు వేసే పద్ధతి వైద్యుల వద్ద ఉన్నది. ఎత్తుకొన్నా ఊరుకోవడం లేదన్న తల్లి మాట అందులో అయిదవ వంతు. కనుక మొహమాటపడక చెప్పండి. ఆడపిల్ల అయితే గజ్జల వద్ద సూది అనగానే కుటుంబాలు సంకోచిస్తాయి. నాలుగు వ్రేళ్ళంత చోటు తప్ప మిగిలినదంతా కప్పియే ఉంచుతారు, తల్లి పక్కనే ఉండవచ్చును, వైద్యురాలు కావాలని అడగవచ్చును. ఆమె లేనప్పుడు మాత్రం బిడ్డను నొప్పితో వేచి ఉంచడం సరికాదు. బ్లాక్ అయిన తరువాత కొన్ని గంటలు కాలు మొద్దుగా ఉంటుంది. వేడినీళ్ళ సీసా తగిలించరాదు, కాలు మోపనివ్వరాదు.

మా విద్యార్థికి మరునాడు సాగే గుణం గల సన్నని టైటానియం కడ్డీలు రెండు వేసి ఎముకను నిలబెట్టారు. కొన్ని నెలలకు తిరిగి వచ్చి తన స్థానంలో కూర్చున్నాడు. పోయిన సబఖ్ కొంత మరచిపోయాడు, అది మళ్ళీ నేర్చుకొంటున్నాడు. మదర్సా రిజిస్టరులో ప్రతి విద్యార్థి పేరు ఎదుట ఇప్పుడు రెండు కొత్త గడులు ఉన్నాయి. బరువు ఒకటి, ఒంటికి పడని మందులు మరొకటి. మూడు నెలలకొకమారు తూకం వేస్తున్నాము. జామచెట్టును నరికించాలని కమిటీలో కొందరు పట్టుబట్టారు. మేము అంగీకరించలేదు. చేతికందే కింది కొమ్మలను మాత్రం కొట్టించి, కాయలను మేమే కోయించి పంచుతున్నాము.